బోర్డులు రాసిన నాన్నకి ఫ్లెక్సీ కట్టాలా?

డాబాగార్డెన్స్_అమ్మాయి
వచ్చే నెల మా నాన్న సంవత్సరీకం. అన్నయ్య బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఒక డిజైన్ పంపాడు. పదడుగుల ఫ్లెక్సీ. మధ్యలో నాన్న ఆధార్ కార్డు ఫొటో, వెనకాల మబ్బులు, రెండు పావురాలు. కింద "కుటుంబం కోసం కళను త్యాగం చేసిన మహనీయునికి అశ్రు నివాళి" అని. వీధి మొదట్లో కడదామంటాడు.

నాన్న బోర్డు ఆర్టిస్ట్. జీవితమంతా మన విశాఖలో చేత్తో బోర్డులు రాసి మమ్మల్ని చదివించారు. ఫ్లెక్సీలు వచ్చాకే ఆయన పని పోయింది. అలాంటాయనకి ఫ్లెక్సీయా? నాకు ఒళ్లు మండిపోతోంది. అమ్మేమో "వాడు ముచ్చటపడుతున్నాడు కదే, ఊరుకో" అంటోంది.

ఇంకోటి. అటక మీద ఆయన సామాను అలాగే ఉంది. బ్రష్షులు, రేకు మీద రాసిన శాంపిల్ బోర్డులు, చుట్ట చుట్టిన పాత గుడ్డ బ్యానర్లు, పెన్సిల్ బొమ్మలున్న నోటు పుస్తకాలు. వాటిని ఏం చెయ్యాలి? ఆయన్ని పద్ధతిగా తలుచుకోవాలంటే ఏం చేస్తే బాగుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి. ఆయన పేరు, షాపు పేరు మాత్రం అడగొద్దు, అమ్మకి ఇష్టం ఉండదు.

మురీమిక్చర్
పావురాలు తీసేసి కాకులు పెట్టమనండి. సంవత్సరీకం రోజు వచ్చేవి అవే కదా.

అల్లిపురం_అత్తయ్య
మురీమిక్చర్, నీకు ఎక్కడ ఏం మాట్లాడాలో తెలీదురా గుంటడా. అమ్మాయ్, పట్టించుకోకు. మీ అన్నయ్య దూరంగా ఉన్నాడు, తండ్రికి ఏదో చెయ్యాలని అతనికి ఉంటుంది. ఫ్లెక్సీ కాకపోతే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. ఊరికే వద్దంటే గొడవే మిగుల్తుంది.

ఏపీ31_పాతస్కూటర్
పూర్ణా మార్కెట్ వెనక సందులో నంబర్ ప్లేట్లు రాసే ఒకాయన ఉండేవారు, ఆయనేనా? నా స్కూటర్ ప్లేటు ఆయనే రాశారు. స్టిక్కర్ ప్లేట్లు రెండు ఎండాకాలాలకే లేచిపోతున్నాయి. ఆయన రాసిన 31 మాత్రం ఇంకా అలాగే ఉంది, బండే తుక్కయిపోయింది.

డాబాగార్డెన్స్_అమ్మాయి
@ఏపీ31 ఆయన వేరే. ఇద్దరూ స్నేహితులే. నంబర్ ప్లేట్లు నాన్న రాసేవారు కాదు, "అంకెల్లో మజా ఏముంది" అనేవారు.

ఉత్తరాంధ్ర_మేష్టారు
ఒక మాట అంటే బాధపడకండి. కళాకారుడు అన్న మాటకి ఒక బరువుంది. శ్రీకాకుళంలో పుట్టి, మన కశింకోటలో కాపురం ఉన్న వడ్డాది పాపయ్య గారిని అనాలి ఆ మాట. ఆయన 1992లో పోయారు, ఆ రంగుల గురించి జనం ఇవాళ్టికీ మాట్లాడుకుంటున్నారు. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారు మరొకరు. కిరాణా కొట్టు బోర్డు రాయడం గౌరవమైన వృత్తే, కాదనను. కళ అనడం మాత్రం కాస్త ఎక్కువ. కాబట్టి మీ అన్నయ్య రాసిన "త్యాగం" అనే మాటే నాకు సబబుగా ఉంది. కుటుంబం లేకపోతే ఆయన అసలైన బొమ్మలు వేసుకునేవారేమో.

కంచరపాలెం_కుర్రాడు
మేష్టారూ, ఎం.ఎఫ్.హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసుకుంటూ బతికినవాడే. నిచ్చెన మీద నిలబడి వేస్తే కూలిపని, గ్యాలరీలో పెడితే కళానా? ఏటి ఈ లెక్క?

ఉత్తరాంధ్ర_మేష్టారు
హుస్సేన్ ఆ హోర్డింగుల దగ్గరే ఆగిపోలేదు నాయనా. నేనన్నదీ అదే.

డాబాగార్డెన్స్_అమ్మాయి
మేష్టారూ, బాధపడలేదు కానీ నాన్న పని ఎలా ఉండేదో చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

రేకు మీద తెల్ల ప్రైమర్ ఆరాక, దారాన్ని సుద్దపొడిలో దొర్లించి అటొక మేకుకి, ఇటొక మేకుకి బిగించి, మధ్యలో వేళ్లతో పట్టి లాగి వదిలేవారు. టప్‌మని గీత పడేది. చిన్నప్పుడు ఆ పని కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. ఇంగ్లీషు బోర్డుకి అలా రెండు గీతలు కొడితే చాలు. తెలుగుకి నాలుగు కావాలనేవారు. గుడులకీ ఏత్వాలకీ పైన ఒకటి, అక్షరానికి మధ్యలో రెండు, వత్తులకి కింద ఒకటి. "జనరల్ స్టోర్స్" అని రాయాలంటే మొదటి మాటకి కింద చోటు అక్కర్లేదు, రెండో మాటకి రెండు వత్తులు వేలాడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ చోటు చాలక ఆ ట వత్తుని పిసరంత చేసేస్తారు. నాన్న మాత్రం రోడ్డు అవతల నిలబడి, ఒక కన్ను మూసుకుని, ముందు వత్తులకి చోటు చూసుకునేవారు. చివరి అక్షరాన్ని మొదట రాసేవారు. లేకపోతే చివరికొచ్చేసరికి ఇరుకవుతుందని.

"శ్రీ" రాస్తే అందరూ కింద క్రావడిని (ర వత్తుని) ఎడమ వైపుకి తిప్పి అక్కడితో ఆపేస్తారు. నాన్న దాన్ని బోర్డు అంచుదాకా సన్నగా లాక్కుంటూ వెళ్లి, అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. సంతకం ఎప్పుడూ పెట్టలేదు. ఆ చుక్కే ఆయన గుర్తు.

ఇంటికొచ్చాక కిరసనాయిలుతో చేతులు తోముకుని, ఆ తర్వాత సబ్బుతో తోముకునేదాకా మమ్మల్ని ముట్టుకునేవారు కాదు. అయినా ఆయన ఒళ్లో పడుకుంటే మా తలలు టర్పెంటైన్ వాసనే వచ్చేవి. మా క్లాసులో అందరి సైన్సు చార్టుల మీదా హెడ్డింగులు ఆయనవే. టీచర్ మార్కులు ఎవరికి వెయ్యాలో తెలియక అందరికీ పది వేసేది.

బురుజుపేట_బ్యాచ్
ఆగండాగండి. శ్రీ కింద ఎర్ర చుక్కా?? మా తాతగారి ఇత్తడి సామాన్ల కొట్టు బోర్డు అది! "శ్రీ కనకమహాలక్ష్మి" అని మొదలవుతుంది. ఆ చుక్క రంగు కారి పడిందని నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నా.

ఆ బోర్డుకో కథ ఉంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. మా సందులో బోర్డన్నది మిగల్లేదు. ఫ్లెక్సీలైతే చిరిగి పీలికలై కరెంటు తీగల మీద రోజుల తరబడి వేలాడాయి. మాది రెండు వీధుల అవతల కాలవలో దొరికింది. ఒక మూల వంగిపోయింది, అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. మా బాబాయి సుత్తితో సాపు చేసి మళ్లీ బిగించాడు. ఇప్పటికీ అదే బోర్డు. కావాలంటే వచ్చి ఫొటో తీసుకోండి, టీ ఇస్తాం.

డాబాగార్డెన్స్_అమ్మాయి
అమ్మకి చదివి వినిపించాను. "ఆ కొట్టాయన డబ్బుకి బదులు ఇత్తడి బిందె ఇచ్చాడు" అంది. ఆ బిందె ఇంకా ఇంట్లోనే ఉంది.

బురుజుపేట_బ్యాచ్
మా తాత అలాంటోడే. బిందె బరువు తూచి మరీ ఇచ్చుంటాడు.

సింధియా_రిటైర్డ్
నేను షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి వయసెంతో తెలీదు కానీ ఆ తరం బోర్డు ఆర్టిస్టులు చాలామంది గోడల మీద చెయ్యి తిప్పుకున్నవాళ్లే. 1966లో ఉక్కు ఉద్యమం నాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాయని గోడ లేదు. రాత్రిపూట పెద్దవాళ్లు రాస్తుంటే మేం చిన్నవాళ్లం బకెట్ పట్టుకునేవాళ్లం. సున్నంలో నీలిమందు కలిపితే ఒక రంగు, గేరు (ఎర్రమన్ను) కలిపితే ఇంకో రంగు. పుల్ల చివర గుడ్డ చుట్టి అదే బ్రష్షు. పోలీసులొస్తే బకెట్ వదిలేసి పరుగు. నవంబర్ 1న కాల్పులు జరిగాయి. ఆ తర్వాత మా అమ్మ నన్ను చీకటిపడ్డాక గుమ్మం దాటనివ్వలేదు.

డాబాగార్డెన్స్_అమ్మాయి
@సింధియా_రిటైర్డ్ బాబాయ్ గారూ, నాన్నకి అప్పుడు పదేళ్లు. ఆయనా బకెట్ గుంటడే! ఆ "క్క"లో వత్తు ఎలా వెయ్యాలో గోడ మీద చూసి నేర్చుకున్నానని చెప్పేవారు. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ వద్దని మళ్లీ ఆందోళనలు మొదలైనప్పుడు యూనియన్ వాళ్లు వచ్చి గుడ్డ బ్యానర్లు అడిగారు. కళ్లు సరిగా కనబడకపోయినా రాసిచ్చారు. డబ్బులు తీసుకోలేదు. అదే నినాదం మళ్లీ రాయాల్సి వచ్చిందని రోజంతా గొణుక్కున్నారు.

ఫ్లెక్సీ_షాపు_అన్న
ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నా. కానీ ఈ ఊళ్లో నాది ఫ్లెక్సీ షాపు, కాబట్టి నా మాటా వినండి.

ఫ్లెక్సీ అనగానే విలన్‌ని చూసినట్టు చూస్తున్నారు. సినిమా బ్యానరు చేత్తో వెయ్యాలంటే గుడ్డకి వైటింగ్ పొడి (సుద్దపొడి), వజ్రం జిగురు కలిపి పూత పూయాలి, ఆరాలి, గళ్లు కొట్టాలి, స్టిల్ ఫొటోలో ఒక గడిలో ఉన్నది గుడ్డ మీద ఒక గడిలోకి ఎక్కించాలి. ఇద్దరు ముగ్గురికి రోజుల పని. మిషన్ గంటలో తీసి పడేస్తుంది. జగదాంబ దగ్గర శుక్రవారం పొద్దున్నకి కటౌటు కావాలని గురువారం రాత్రి వస్తారు అభిమానులు. చేత్తో ఎవడిస్తాడు? జనానికి కావలసింది చవక, తొందర. మేం అమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడు.

2022 ఆగస్టులో ఫ్లెక్సీలు నిషేధం అని మన విశాఖలోనే ప్రకటించారు, గుర్తుందా? బోర్డు ఆర్టిస్టులకి మళ్లీ రోజులొచ్చాయి అని పేపర్లో రాశారు. రాలేదు. గుడ్డ మీద ప్రింటు కొట్టే మిషన్లకి వచ్చాయి.

ఇంకో సంగతి. నా షాపులో ఐలెట్లు (తాడు కట్టే రింగులు) కొట్టి, ఫ్రేములు బిగించే పెద్దాయన ఒకప్పుడు సినిమా బ్యానర్లు వేసినాయనే. కంప్యూటర్ దగ్గర కుర్రాడు డిజైన్ చేస్తుంటే వెనక నిలబడి "ఆ అక్షరాన్ని ఎడమకి జరుపు" అంటాడు. జరిపితే నిజంగానే బాగుంటుంది. ఆ కుర్రాడికి చిరాకు, నాకు లాభం.

మురీమిక్చర్
ఫ్లెక్సీ అన్నా, "వార్డు అభివృద్ధి ప్రదాత" చుట్టూ నలభై మంది పాస్‌పోర్టు ఫొటోలు పెడతారు చూడు, ఆ పాపం మాత్రం నీదే.

ఫ్లెక్సీ_షాపు_అన్న
అందులో ఒక్క తల తగ్గినా షాపుకొచ్చి కొడతార్రా. నీకేటి తెలుసు నా టెన్షన్.

హార్బర్_గుంటడు
మా నాన్న బోటు మీద పేరు రాసింది ఈ చుక్క పెద్దాయనే అని ఇప్పుడు అర్థమవుతోంది. బోటు పేరు శ్రీతో మొదలవుతుంది, చుక్క కూడా ఉంది. బోటు మీద రాయడం అంటే గోడ మీద రాసినట్టు కాదు. చెక్క వంపు తిరిగి ఉంటుంది, నేరుగా రాస్తే దూరం నుంచి వంకరగా కనబడుద్ది. ఆయన జెట్టీ మీదికెళ్లి చూసి, మళ్లీ వచ్చి తుడిచి రాసేవాడు. ఆలస్యం అవుతోందని మా నాన్న తిట్టేవాడు. చేపల పులుసు పెట్టి పంపేవాడు కూడా.

2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి కదా. మాదీ పోయింది. నా దగ్గర పెళ్లికి తీసిన ఫొటో ఒకటి ఉంది, వెనకాల బోటు పేరు కనబడుద్ది. స్కాన్ చేసి పంపిస్తాను.

అల్లిపురం_అత్తయ్య
పంపు నాయనా. అమ్మాయ్, చూశావా, ఒక్కొక్కరూ బయటికొస్తున్నారు. ఇదే చెయ్యి. ఊళ్లో ఆ చుక్కలున్న బోర్డులన్నీ ఫొటోలు తీయించి ఒకచోట పెట్టు. వచ్చిన చుట్టాలు చూస్తారు.

పేపర్_పురుగు
అటక మీద సామాను సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను పాత కాగితాలు, పుస్తకాలు భద్రపరిచే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

అన్నిటికంటే ముందు, అటక మీద నుంచి దించెయ్యండి. మన ఊళ్లో సముద్రపు గాలికి అటక మీది వేడి తోడైతే ఇనుప రేకు ఎంతోకాలం నిలవదు. రేకు బోర్డుల్ని మెత్తటి పొడి నూలుగుడ్డతో దుమ్ము దులపండి, అంతే. సబ్బు, కిరసనాయిలు, టిన్నర్ ఏదీ తగలనివ్వొద్దు. వెనక వైపు తుప్పుంటే దాన్ని గీకి, ఆ వెనక వైపుకే రెడ్ ఆక్సైడ్ (తుప్పు ఆపే ప్రైమర్) వేయించండి. ముందు వైపు వెలిసిపోయిందని మళ్లీ రంగు దిద్దించొద్దు. దిద్దితే అది ఆయన రాసింది కాదు.

గుడ్డ బ్యానర్లు మడత పెట్టకండి. మడత దగ్గర రంగు పగిలి రాలిపోతుంది. లావుపాటి పీవీసీ గొట్టానికి ముందు తెల్ల కాగితం చుట్టి, రంగున్న వైపు బయటికి వచ్చేలా బ్యానర్ చుట్టండి. అందరూ తిరగేసి చేస్తారు, రంగు లోపలికి ఉంటే భద్రం అనుకుంటారు. లోపలికి చుడితే రంగు పొర నలుగుతుంది.

నోటు పుస్తకాలకి సెల్లో టేపు అంటించొద్దు. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీసేది ఉండదు. ప్రతి పేజీ 600 డీపీఐలో స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. పెన్సిల్ బొమ్మల మధ్య పల్చటి తెల్ల కాగితం పెట్టండి, చెరిగిపోకుండా.

బ్రష్షులు ఎవరికైనా అమ్ముదామనుకుంటే ఆగండి. పాతవాటిలో ముంగిస వెంట్రుకలతో చేసినవి ఉండొచ్చు, వాటి అమ్మకం వన్యప్రాణి చట్టం కింద నేరం.

కంచరపాలెం_కుర్రాడు
ముంగిసా!! ఇదెక్కడి కొత్త కేసు.

డాబాగార్డెన్స్_అమ్మాయి
@పేపర్_పురుగు చాలా థాంక్స్ అండీ. మా బావగారు నిన్ననే నోటు పుస్తకాలన్నీ లామినేట్ చేయిద్దామని సంచిలో సర్దారు. సంచి లాక్కున్నాను. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం వాళ్లు ఇలాంటివి తీసుకుంటారా?

పేపర్_పురుగు
వెళ్లి అడగండి, అడిగితే పోయేదేం లేదు. కానీ ఇవ్వడానికి తొందరపడొద్దు. ముందు ఏమేం ఉన్నాయో పట్టీ రాసుకోండి. ఏది ఏ సంవత్సరానిదో, ఎవరి కోసం రాశారో మీ అమ్మగారికి గుర్తున్నప్పుడే రాసుకోవాలి. ఆ పట్టీ లేకపోతే రేపు మ్యూజియంలో పెట్టినా అది ఉత్త రేకే.

యూనికోడ్_పిచ్చోడు
నాకైతే ఆ అక్షరాలతో ఫాంటు చెయ్యాలనుంది. బాపు గారి చేతిరాత ఫాంటుగా వచ్చింది కదా. ఢిల్లీలో హనీఫ్ కురేషి బోర్డు ఆర్టిస్టుల అక్షరాల్ని పోగేసి ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టాడు. మన దగ్గర ఎందుకు కాకూడదు? అయితే తెలుగుకి చాకిరీ ఎక్కువ. అచ్చులు, హల్లులు గీస్తే సరిపోదు. గుణింతాలు, వత్తులు, వత్తు మీద గుణింతం, అన్నీ కలిపి వందల గ్లిఫ్‌లు (విడివిడి అక్షర రూపాలు). శాంపిల్ బోర్డుల్లో "ఱ" ఎక్కడా ఉండదు, అది మనం ఊహించి గియ్యాలి. హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో కాపీరైటు కళాకారుడు పోయాక 60 ఏళ్లు ఉంటుంది, కాబట్టి అమ్మగారూ మీ ఇద్దరూ ఒప్పుకుంటేనే.

ఉత్తరాంధ్ర_మేష్టారు
ఊహించి గీస్తే అది ఆయన అక్షరం ఎలా అవుతుంది? పేపర్_పురుగు గారు దిద్దొద్దు అన్నది దీనికీ వర్తిస్తుంది.

యూనికోడ్_పిచ్చోడు
మేష్టారూ, పొద్దున్న ఆయన్ని ఆర్టిస్టే కాదన్నారు. ఇప్పుడు ఆయన "ఱ" ఎవరూ ముట్టుకోకూడదంటున్నారు.

నేనే_ఆ_అన్నయ్య
చెల్లి లింకు పంపలేదు. మా ఆఫీసులో ఒక వైజాగ్ కుర్రాడు పంపాడు, "ఇది మీ ఇల్లులా ఉందన్నా" అని. నా పావురాల మీద జోకులు చదివాను. సరే.

చెల్లికి తెలియని సంగతి ఒకటి ఉంది. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు నాన్నకి బోర్డు పని దాదాపు ఆగిపోయింది. అప్పుడు ఆయన ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ దగ్గర రాత్రి షిఫ్టుకి వెళ్లేవారు. చెక్క ఫ్రేములకి ఫ్లెక్సీ బిగించి మేకులు కొట్టడం, తెల్లారేలోపు కూడళ్లలో కట్టించడం. చెల్లికి, అమ్మకి "పెద్ద కంపెనీ గోడ పని, రాత్రిళ్లు చెయ్యాలి" అని చెప్పారు. నేను ఒకరోజు సెకండ్ షో నుంచి వస్తూ ఆశీల్‌మెట్ట దగ్గర నిచ్చెన మీద చూశాను. కిందికి దిగి ముందు అడిగింది, "తిన్నావా?" రెండోది, "ఇంట్లో చెప్పకు." ఆ ఏడాది నా ఫీజు ఫ్లెక్సీ కట్టింది. నాకు దాని మీద కోపం లేదు, రాదు కూడా.

ఇంకో మాట. మీరంతా ఆయన అక్షరం గురించి, చుక్క గురించి చెప్తున్నారు. ఊరంతా ఆయన అక్షరాన్ని చూసింది, ఆయన్ని ఎవరు చూశారు? ఇంట్లో ఆయన ఫొటోలు వెతికితే ఆ ఆధార్ ఫొటో తప్ప సరైనది లేదు. అందరి ఫొటోలూ ఆయనే తీసేవారు. అందుకే ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఆయన మొహం పదడుగుల ఎత్తున వీధిలో ఉండాలనుకున్నా. అంతే.

కంచరపాలెం_కుర్రాడు
అన్నా 🙏

అల్లిపురం_అత్తయ్య
బాబూ, నీ చెల్లెలికి ముందు ఫోన్ చెయ్యి. ఇక్కడ తర్వాత రాద్దువు.

ఫ్లెక్సీ_షాపు_అన్న
నేను పొద్దున్న చెప్పిన మాటలు ఇప్పుడు నాకే ఇంకోలా వినిపిస్తున్నాయి. ఏం రాయాలో తెలియట్లేదు.

మురీమిక్చర్
అన్నా పావురాలు ఉంచుకో. కాకుల మాట వెనక్కి.

డాబాగార్డెన్స్_అమ్మాయి
రాత్రి అన్నయ్యతో, అమ్మతో కాన్ఫరెన్స్ కాల్‌లో చాలాసేపు మాట్లాడాం. అమ్మకి ఆ రాత్రి షిఫ్టు సంగతి ఎప్పుడో తెలుసట. "గోడ పని చేసినాయన బట్టల మీద రంగు ఉండదా? నేను ఉతికేదాన్ని కాదా?" అంది. ఆయన చెప్పలేదని ఆవిడా అడగలేదట. నాకే తెలీదన్నమాట ఇంట్లో.

తర్వాత ఆ "త్యాగం" దగ్గరికొచ్చాం. అమ్మ పకపకా నవ్వింది. అన్నయ్య బుర్రలో ఒక కథ ఉంది: నాన్నకి పెళ్లికి ముందు మద్రాసులో సినిమా పబ్లిసిటీ కంపెనీలో చోటు దొరికింది, మా కోసం వదిలేసి వచ్చేశారు అని. బంధువులు చెప్పుకునేదీ అదే. అమ్మ చెప్పింది వేరు. "త్యాగమా పాడా. అక్కడ నీళ్లు పడలేదు, మెస్సు కూడు పడలేదు. పైగా ఆ కంపెనీలో అక్షరాలు ఇంకెవరో రాస్తారట, ఈయన్ని హీరోల చొక్కాలకి రంగులు నింపమన్నారట. వారం తిరక్కుండా రైలెక్కేశారు. అప్పటికి నేనెవరో, మీరెవరో." ఇక్కడికొచ్చి రాయడమే ఆయనకి ఇష్టం అంది. దేన్నీ చంపుకోలేదు, రోజూ రాసుకున్నారు, రాసింది అమ్ముకుని మమ్మల్ని పెంచారు.

అమ్మ రెండో తరగతితో బడి మానేసింది. పెళ్లయిన కొత్తలో ఆదివారాలు సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారిలో కనిపించిన బోర్డల్లా చదివించేవారట. కాంప్లెక్సు నుంచి పాత పోస్టాఫీసు దాకా. తనవైతే "ఇది ఎవరు రాశారో చెప్పు" అనేవారట. వేరేవాళ్లవైతే తప్పులు పట్టించేవారట. అమ్మ ఇప్పుడు పేపరు మొత్తం చదువుతుంది, అచ్చుతప్పులు వెతుకుతూ. అన్నయ్య డిజైన్‌లో "మహనీయునికి" అనే మాట చూసి "ఎవరు ఆయన?" అని అడిగింది.

ఉత్తరాంధ్ర_మేష్టారు
ఆ వాక్యం తీసేయండి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద "బోర్డు ఆర్టిస్ట్". చాలు.

కంచరపాలెం_కుర్రాడు
"ఆర్టిస్ట్" అని మేష్టారే అన్నారు, స్క్రీన్‌షాట్ తీశాను.

ఫ్లెక్సీ_షాపు_అన్న
నా దగ్గర కాటన్ గుడ్డ మీద కొట్టే మిషన్ ఉంది. ఫొటో వరకు నేను కొట్టిస్తాను, కింద సగం తెల్లగా వదిలేస్తాను. అక్షరాలు ఎవరితోనైనా చేత్తో రాయించుకోండి. డబ్బులొద్దు. ఆధార్ ఫొటోని పదడుగులకి లాగితే మాత్రం గళ్లు గళ్లుగా వస్తుంది. ఆరడుగులు దాటొద్దు, లేదా మంచి ఫొటో వెతకండి.

బురుజుపేట_బ్యాచ్
ఫొటో!! మా కొట్టు బోర్డు మొదటిసారి ఎక్కించిన రోజు తాత ఫొటో తీయించాడు. బోర్డు కింద బ్రష్షు పట్టుకుని ఒకాయన నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆయనేనా చూడండి, ఇన్‌బాక్స్‌లో పెట్టాను.

డాబాగార్డెన్స్_అమ్మాయి
ఆయనే. అన్నయ్యకి పంపాను. నలుపు తెలుపే కానీ స్పష్టంగా ఉంది. మీసం ఉండేదని మాకు తెలీదు.

నేనే_ఆ_అన్నయ్య
ఇది చాలు. ఆరడుగులే వెయ్యండి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు ఉంది, కన్ఫర్మ్ కాకపోతే బస్సులో వస్తా.

డాబాగార్డెన్స్_అమ్మాయి
అక్షరాలకి నాన్న దగ్గర పని నేర్చుకున్న అబ్బాయిని అడిగాను. అబ్బాయి అంటున్నా కానీ ఆయనకీ యాభై దాటాయి. ఇప్పుడు ఆటో నడుపుతున్నారు. మద్దిలపాలెం స్టాండులో సగం ఆటోల వెనక రాతలు ఆయనవే. "గురువుగారికి రాయాలంటే చెయ్యి వణుకుతుందమ్మా" అన్నారు, వెంటనే "ఎన్ని అక్షరాలు?" అని కూడా అడిగారు. పేరు చివర "గారు" పెట్టాలంటే చోటు చాలదట. "శ్రీ" పెడితే "గారు" ఎందుకని ఆయన, రెండూ ఉండాలని అమ్మ. ఇంకా తేలలేదు.

పేపర్_పురుగు
శ్రీ ఉంచండి. చుక్క పెట్టాలి కదా.

ఏపీ31_పాతస్కూటర్
చుక్క వాళ్ల నాన్నగారిది. శిష్యుడు పెట్టొచ్చా?

డాబాగార్డెన్స్_అమ్మాయి
అదే అడిగాను. "నేను పెట్టను, మీ అమ్మగారిని పెట్టమనండి, బ్రష్షు తడిపి ఇస్తాను" అన్నారు.

ఫ్లెక్సీ_షాపు_అన్న
గుడ్డ మీద ఎనామిల్ నేరుగా పెడితే పాకిపోద్ది, కింద సగానికి పూత పూయించే ఇస్తాను. మా పెద్దాయన పూస్తానంటున్నాడు. బుధవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి, మంగళవారం వద్దు, మిషన్ సర్వీసుకి ఇస్తున్నా.

హార్బర్_గుంటడు
వాన పడేటట్టుంటే చెప్పండి, బోటు మీద కప్పే టార్పాలిన్ ఉంది, తెస్తాను. తాడు కూడా మాదే వాడండి. బజారు తాళ్లు మన గాలికి ఆగవు.